సబ్బు ట్యాంకు అడిగే ప్రశ్న

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు ముక్కు దిగి నోట్లోకి వచ్చింది. సబ్బుల ఫ్యాక్టరీలో సబ్బు కాచే పెద్ద ట్యాంకును నడిపేది మా వదిన. దాని వేడిని అదుపు చేసే కంట్రోలర్‌కు బేసిక్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రామ్ రాసింది నేను. ముందురోజు ట్యాంకు నిండా సబ్బు మాడిపోయింది. ఇంకోసారి మాడితే కంట్రోలర్‌నూ, దాంతోపాటు నన్నూ పంపించేస్తానని ఓనరు తేల్చి చెప్పారు.

"మిషన్ అడిగినప్పుడు ఎక్కడికి పోయావు వదినా?"

"సబ్బు అచ్చులు కడగడానికి. అయినా రోజూ అదే ప్రశ్నేంటి, ఎంత వేడి, ఎంత వేడి అని? నిన్న చెప్పింది నిన్నే మర్చిపోతే నేనేం చెయ్యను? నీ చేతిలో పెరిగిందిగా, నీ బుద్ధే వచ్చింది."

మాట గుచ్చుకుంది గానీ నిజమే. ఇన్‌పుట్ అని రాసిన లైను దగ్గర ప్రోగ్రామ్ ప్రశ్న వేసి, ఎవరైనా జవాబు నొక్కేదాకా అక్కడే నిలబడిపోతుంది. హీటర్‌ను ఆపే లైను దాని కింద ఉంది. వదిన అచ్చులు కడిగినంతసేపూ హీటర్ మండుతూనే ఉంది. పైగా కరెంటు తీస్తే చెప్పిన అంకె గాలికి పోతుంది.

మధ్యాహ్నానికల్లా మార్చేశాను. ఇప్పుడు చెప్పిన అంకెను కరెంటు పోయినా చెరగని మెమరీలో దాచుకుంటుంది. ప్రశ్న వేశాక హీటర్ మీద ఓ కన్ను వేసి ఒక్క నిమిషం ఆగుతుంది. జవాబు రాకపోతే దాచుకున్న అంకెతో పని మొదలుపెడుతుంది. వదిన చేత ఒకసారి ఎనభై నొక్కించాను.

ఓనరు వచ్చి, తన చేత్తోనే మెయిన్ స్విచ్ ఆపి మళ్లీ వేశారు. "ఎవరూ మీటలు ముట్టుకోవద్దు," అన్నారు. తెర మీద ప్రశ్న వెలిగింది. అలవాటు కొద్దీ వదిన వేళ్లు మీటల వైపు పోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. నిమిషం గడిచాక తెర మీద ఎనభై వచ్చింది. కలిపే రెక్కలు తిరిగాయి. వేడి ఎనభైకి చేరగానే హీటర్ దానంతటదే ఆగిపోయింది.

"ఉండనివ్వండి," అని ఓనరు వెళ్లిపోయారు. నేను ఎగిరి గంతేశాను. వదిన మాత్రం ముఖం చిన్నబుచ్చుకుంది.

"అయితే ఇక నన్ను అడగదా?"

"రోజూ విసుక్కునేదానివి కదా."

"విసుక్కుంటాను. కానీ పొద్దున లేస్తే నన్ను ఒక మాట అడిగి, చెప్పేదాకా ఆగేది ఇదొక్కటే."

నాకు పాపమనిపించింది. "అడుగుతుంది వదినా. నువ్వు చెబితే నీ మాటే. చెప్పకపోతేనే పాతది."

వదిన మీటలు తుడుస్తూ అంది: "అయితే ఆ ఇన్‌పుట్ లైనేదో మీ అన్నయ్యకు కూడా రాసిపెట్టు. మెమరీ సంగతి నేను చూసుకుంటాను."