‘అనాథ’ అని కొట్టిన రోజు

షర్టు గుండీలు పెట్టుకుంటూనే ఆయన అక్క కుర్చీ పక్కన వంగి, బ్రెయిల్ చుక్కల పలక తీగను గట్టిగా నొక్కాడు. మూరెడు పలక. కంప్యూటర్ తెర మీది వరుస అందులో సన్నటి మొనలుగా పైకి లేస్తుంది. చూపు లేని అక్క వేలితో తడిమి చదువుకుంటుంది. మీట నొక్కితే ఆ వరుస దిగి తర్వాతిది లేస్తుంది.

“పొద్దున్నే దాని పీక నొక్కుతున్నావేంట్రా? నాకంటే ముందే దాన్ని పంపించేట్టున్నావ్.”

“మాత్ర వేసుకున్నావా?”

“వేసుకోకపోతే వదుల్తావా, తాళం వెధవా!”

‘తాళం’ ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. కంప్యూటర్‌లో ప్రోగ్రాములన్నిటికీ అడుగున పునాదిలా ఉండే కెర్నెల్‌కి ఆయన ఇరవై రెండేళ్లుగా కాపలా. ఎవరు ఏ మార్పు తెచ్చినా, “నడుస్తోందిగా, దాని జోలికెందుకు?” అని తాళం వేసేవాడు. ఒకే రంగు షర్టులు మూడు. సంచి మోసి మోసి ఎడమ భుజం కొక్కెంలా వంగిపోయింది.

మధ్యాహ్నం సమావేశం. కొత్త కెర్నెల్‌లోంచి పాత తీగలతో తగిలించే పరికరాల భాగం మొత్తం పీకేస్తున్నారు. చుక్కల పలకను నడిపే ముక్క, అక్క కోసం ఆయన రాసిందే, దాంతోపాటే పోతుంది.

“ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా అమ్మా?”

“ఇల్లే మారుతున్నాం గురువుగారూ,” అంది బృందం పెద్ద. ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్లే. “ఆ పాత దారిలోంచే నిరుడు రెండుసార్లు దొంగలు దూరారు. ఇంతకీ ఆ పలక ఎంతమంది వాడుతున్నారు?”

“నాకు తెలిసి... ఒక్కరు.”

“పాత కెర్నెలే ఉంచుకోమనండి.”

“దానికి మరమ్మతులు వచ్చే నెల్నించి ఆపేస్తున్నాంగా.”

“పోనీ, కొత్త పలక?”

అదీ ఇదివరకే కొనిచ్చాడు. “ఇది నాతో మాట్లాడట్లేదురా,” అని రెండో రోజే తిప్పి ఇచ్చేసింది అక్క.

“ముగ్గురికంటే తక్కువమంది వాడేది తీసెయ్యాలని రూలు రాసిందెవరండీ?” అన్నారెవరో మెల్లగా.

అందరూ బల్లకేసి చూశారు. రాసింది ఆయనే. పదకొండేళ్ల కిందట, కెర్నెల్ బరువు తగ్గుతుందని. ఆ రోజు చప్పట్లు కూడా కొట్టారు. ‘ఆ ఒక్కరూ మా అక్క’ అన్న మాట గొంతుదాకా వచ్చింది. అక్కడే తాళం పడింది.

ఏ భాగాన్ని ఎవరు చూసుకుంటారో చెప్పే జాబితా ఒకటుంది. తీసేసే ముక్క ఎదుట తన పేరు కొట్టేసి, ‘అనాథ’ అని రాయాలి. అలా రాసింది తర్వాతి విడుదలలో ఉండదు. మూడే అక్షరాలు. రెండుసార్లు తప్పు పడ్డాయి.

సంచి సర్దుకుంటూ అక్కకి సందేశం పెట్టాడు: “బయల్దేరా. వచ్చేస్తున్నా.”

తలుపు తీసేసరికి అక్క కుర్చీలోనే ఉంది. తల ఓ పక్కకి వాలింది. చెయ్యి ఒళ్లోకి జారింది.

“అక్కా.”

చెప్పులు విప్పి, మళ్లీ పిలిచాడు. చెయ్యి పట్టుకుని చూశాడు. ఆ చల్లటి వేళ్లను తన అరచేతుల్లో పెట్టుకుని చాలాసేపు నేలమీదే కూర్చున్నాడు. చదివిందో లేదో అడగడానికి మనిషి లేదు.

మీట నొక్కే వేలు లేక, పలక మీద ‘బయల్దేరా. వచ్చేస్తున్నా’ అలాగే లేచి ఉంది.