వెనక లిఫ్టు

ఏడో అంతస్తు దాటగానే మలాకీ లిఫ్టు నడిపే ఇత్తడి పిడిని కొంచెం వెనక్కి తిప్పాడు. ఎనిమిది దగ్గర ఇంకొంచెం. తొమ్మిదిలో ఆగేసరికి లిఫ్టు నేలా, బయటి చలువరాతి నేలా ఒకే గచ్చులా కలిసిపోయాయి. మధ్య సన్నని సందుంది గాని మెట్టు లేదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎవరి కాలూ అక్కడ తట్టుకోలేదు. ఇదేం విద్య అనుకునేవాళ్లు ఒక్కసారి ఆ పిడి పట్టుకుని చూడాలి.

మలాకీ టియర్నీకి అరవై మూడేళ్లు. బక్కపలచటి మనిషి, వంగిన భుజాలు, ఎర్రగా కమిలిన మెడ. ముదురాకుపచ్చ కోటు, టోపీ, చేతులకు తెల్లటి తొడుగులు. ఐర్లండులో తల్లిని పాతిపెట్టి న్యూయార్క్ వచ్చి, వెస్ట్ ఎండ్ అవెన్యూలోని ఈ భవనంలో పనికి కుదిరాడు. మళ్లీ ఎటూ కదల్లేదు. కింద బాయిలరు పక్కన ఒక గది ఇచ్చారు. పెళ్లి చేసుకుంటే ఆ గదిలో ఇద్దరు పట్టరు. చేసుకోలేదు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన పన్నెండంతస్తుల భవనం అది. గోడలెంత మందమంటే పక్కింటి పియానో వినపడదు, పక్కింటి ఏడుపూ వినపడదు. ఉండేవాళ్లంతా వాటాదార్లే. వాళ్లలోంచి తొమ్మిదిమంది బోర్డు. ఆ బోర్డు ఎంతంటే అంత. ప్రతి ఇంటికీ రెండు తలుపులు. ముందు తలుపు తీస్తే అద్దాలూ ఎర్రచెక్కా ఉన్న మలాకీ లిఫ్టు. వంటగది తలుపు తీస్తే వెనక లిఫ్టు. పనివాళ్లు, చెత్త డబ్బాలు, విరిగిన సోఫాలు, చచ్చిపోయినవాళ్లు, అందరూ వెనక నుంచే. బ్యాంకు అధిపతి అయినా సరే, ప్రాణం పోయాక చెత్త పక్కన దిగాల్సిందే.

ఆ రూలు ఒక్కసారే తప్పింది. పదకొండేళ్ల కిందట ఒక ఆదివారం, అందరూ చర్చికి వెళ్లినప్పుడు, తొమ్మిదో అంతస్తు హాల్‌స్టెడ్ గారు పోయారు. ఆయన భార్య మలాకీ చేతులు రెండూ పట్టుకుంది. "ఆయన్ని చెత్త దారిన పంపకు మలాకీ. నీకు దణ్ణం పెడతాను." మలాకీ లోపలికెళ్లి శవానికి ఓవరుకోటు తొడిగి, టోపీ పెట్టి, తన మడత స్టూలు మీద కూచోబెట్టి, ఒక చేత్తో భుజం అదిమిపట్టి, రెండో చేత్తో లిఫ్టు దించాడు. బోర్డుకి తెలిస్తే ఆ పూటే బయటికి గెంటేవాళ్లు. "చచ్చేదాకా మర్చిపోను" అందామె.

ఈవేళ నాలుగింటికి ఆమె భోజనాల గదిలోనే బోర్డు సమావేశం. లిఫ్టుకి బటన్లు పెట్టాలా వద్దా అని. అటు నలుగురు, ఇటు నలుగురు. మిగిలిన ఓటు అధ్యక్షురాలైన హాల్‌స్టెడ్ అమ్మగారిది. పొద్దున కర్ర ఆనించుకుంటూ ఆమె లిఫ్టెక్కినప్పుడు మలాకీ ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి నోరు తెరిచి అడిగాడు.

"ఇంకో రెండేళ్లు ఉండనివ్వండమ్మా. ఈ పిడి పోతే నా గదీ పోతుంది."

"నువ్వు మాకు ఇంట్లో మనిషివి. నేనున్నానుగా" అందామె.

ఆ మాట తిరగేసుకుంటూ మధ్యాహ్నం రొట్టె తిన్నాడు. పాపం, ఎంత సంబరపడ్డాడో. వెనక లిఫ్టు నడిపే పోర్టోరికో మనిషి రూబెన్ నవ్వాడు.

"ఇంట్లో మనిషివా? అయితే ఏనాడైనా ముందు గదిలో కూచోబెట్టి కాఫీ పోసిందా, పెద్దాయనా?"

"నీకు తెలీదులే. ఆవిడ మాట మీద నిలబడే మనిషి."

పొద్దుట్నుంచీ ఎడమ చెయ్యి లాగుతోందని మాత్రం మలాకీ చెప్పలేదు. గుండె బాగాలేనివాణ్ణి లిఫ్టులో ఎవరు ఉంచుతారు?

నాలుగున్నరకి బోర్డు వాళ్లు దిగారు. అంతా మంచు గురించే మాట్లాడారు. చివరగా నాలుగో అంతస్తు దంతవైద్యుడు ఆగి, "నేను నీవైపే వేశాను మలాకీ. ఆవిడే బటన్లకి వేసింది" అని గబగబా వెళ్లిపోయాడు.

ఐదున్నరకి తొమ్మిదిలో గంట మోగింది. మలాకీ పైకెళ్లాడు. ఎప్పటిలాగే గచ్చుకి గచ్చు కలిపి ఆపాడు. ఆమె నాటకానికి తయారై ఉంది, మెడలో ముత్యాలు.

"ఎందుకలా చేశారమ్మా?"

ఆమె కోప్పడలేదు. మెల్లగానే చెప్పింది. "రోజూ నీ స్టూలు చూస్తాను. రోజూ ఆయన టోపీ పెట్టుకుని అక్కడ కూచునే కనిపిస్తాడు. పదకొండేళ్లు ఓర్చుకున్నాను. నువ్వు నా కళ్లముందు లేకపోతే ఆ ఆదివారం కూడా ఉండదు." ఆగి అంది, "పర్సు మర్చిపోయాను. ఉండు."

ఆమె పర్సుతో వచ్చేసరికి మలాకీ స్టూలు మీద కూచుని ఉన్నాడు, టోపీ సరిగ్గా పెట్టుకుని, గోడకి తల ఆనించి, ఒక చెయ్యి ఇంకా పిడి మీదే ఉంచి. ఆమె రెండుసార్లు పిలిచింది. కర్రతో బూటు తట్టింది. తర్వాత వంటగదిలోకెళ్లి రూబెన్ కోసం గంట నొక్కింది.

రెండో అంతస్తు డాక్టరు వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ముందు నుంచే దింపుదామమ్మా" అన్నాడు రూబెన్. "ఈ లిఫ్టు ఇంతవరకూ నడిపింది ఈయనే కదా."

"రూలు రూలే. వెనక నుంచి తీసుకెళ్లండి. తివాచీ పక్కకి లాగండి, బూట్లు తడిగా ఉన్నాయి."

కింద గుమ్మం దగ్గరుండే కాపలాదారు పైకొచ్చి కాళ్లు పట్టాడు, రూబెన్ భుజాలు పట్టాడు. ఆమె ముందు గదిలోకి మలాకీ రావడం అది రెండోసారి. భోజనాల బల్ల మీద బోర్డు వాళ్లు తాగిన కాఫీ కప్పులు ఇంకా తియ్యలేదు. వాటి పక్కనుంచి, వంటగదిలోంచి, వెనక లిఫ్టులోకి చేర్చి కిందికి దించారు.

నాటకానికి టైమైంది. కింద కారు నిలబడి ఉంది. ముందు లిఫ్టు నడిపే రాత్రి మనిషి ఏడింటికి గాని రాడు. కర్రతో తొమ్మిది అంతస్తులు దిగడం ఆమె వల్ల కాదు. పావుగంట చూసి, ముత్యాలు కోటు లోపలికి దోపుకుని, ఆమె వెనక లిఫ్టే ఎక్కింది. చెత్త డబ్బాలు రూబెన్ ఎందుకో పక్కకి జరపలేదు.

తొమ్మిదో అంతస్తులో మలాకీ లిఫ్టు తలుపు తెరుచుకునే ఉంది, గచ్చుకి గచ్చు కలిసి. పక్కన మడత స్టూలు దించే ఉంది. ఇత్తడి పిడికి తెల్లటి తొడుగు ఒకటి వేలాడుతోంది, వేళ్లు ఇంకా వంగే ఉన్నాయి.