వణుకు తెలియని మీట

ఆ టక్కుమన్న చప్పుడు వాల్వుదా, లేకపోతే వంటింట్లో మార్లిస్ కప్పు బల్ల మీద పెట్టిందా, కాదు, వాల్వుదే, వాల్వు ఒక్కసారే టక్కుమంటుంది, మార్లిస్ కప్పు పెడితే అది కుదురుకునేదాకా టకటకమంటూనే ఉంటుంది, వాల్వే, అంటే బీరుకి బార్లీ నానడం అయింది, తియ్యటి నీళ్ళు ఈ బానలోంచి ఆ బానలోకి వాటంతటవే పోతున్నాయి, ఎవరూ మోయక్కర్లేదు, ఎవరూ వంచక్కర్లేదు, రోల్ఫ్ గ్యారేజీలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని గాజుగొట్టంలో పరుగెడుతున్న గోధుమరంగు ధారను చూశాడు, ఉద్యోగమంతా పేపరు మిల్లులో వాల్వులతోనూ మీటర్లతోనూ కాపురం చేసినవాడు, ఒక్క బిగింపూ వదులవలేదు, ఒక్క చుక్కా కారలేదు, ఇంత బాగా వస్తుందని తనే అనుకోలేదు, మరి మార్లిస్ లోపలికి ఎందుకు వెళ్ళిపోయింది, చలేస్తోంది రోల్ఫ్, నేను లోపల కూర్చుంటాలే అంది, చలికి పేరుపడ్డ డులూత్‌లో పుట్టి పెరిగిన మనిషి, గడ్డకట్టిన సరస్సు మీద గుడిసె వేసుకుని మంచుకు కన్నం పొడిచి చేపలు పట్టిన మనిషి, ఆమెకు అక్టోబరులో చలా, అదీ ఆవిరి కక్కుతున్న బాన పక్కన.

ఎప్పుడైనా ఇలా లేచి వెళ్ళిందా, బీరు కాచే రోజు ఆమెను గ్యారేజీలోంచి కదిలించడం ఎవరి తరమూ అయ్యేది కాదు, చెక్క తెడ్డు పట్టుకుని బార్లీని కలుపుతూ, ఇదిగో ఇప్పుడు పట్టొచ్చింది, ఇప్పుడు వదిలింది, అని తెడ్డుతోనే తెలుసుకునేది, తను థర్మామీటరు ముంచి చూసి డిగ్రీలు చెబితే, నీ గాజుపుల్ల ఇప్పుడు చెప్పిందా, నా మోచెయ్యి ఇందాకే చెప్పింది, అని వెక్కిరించేది, ఆ తర్వాత హాప్స్ పూలు, చేదుకీ వాసనకీ వేసే ఆ పచ్చటి పూలని దోసిట్లో పోసుకుని రెండు అరచేతుల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది, బీరు క్లబ్బులో వెండెల్ అంతటివాడు కూడా ఆ కళ్ళు తెరుచుకునేదాకా నోరెత్తేవాడు కాదు, ఆ ముక్కే ముందు పోయింది, చేతులకన్నా ఎంతో ముందు, ఒకనాడు నలిపి, వాసన చూసి, మళ్ళీ చూసి, ఇవి పాచిపోయిన సరుకు, వాసనే లేదు, ఆ కొట్టువాడికి సిగ్గుండాలి, అని సంచీ అంతా చెత్తబుట్టలో పోసేసింది, తనకి మాత్రం గ్యారేజీ అంతా ఘుమఘుమలాడుతోంది, అయినా తన ముక్కునే అనుమానించాడు, ఆమె ముక్కు తప్పుతుందని ఎవరనుకుంటారు, తర్వాతెప్పుడో డాక్టరు, ఈ వణుకుడు జబ్బులో చాలామందికి వాసనే ముందు పోతుందండీ అంటే, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, చెత్తబుట్టలో పోసిన ఆ పూలు ఇద్దరికీ గుర్తొచ్చాయి, ఇంటి దగ్గర కారు దిగుతూ ఆమె, పాపం కొట్టువాణ్ణి నానా మాటలూ అన్నాను, అంది, అంతే, ఏడవలేదు.

ఏడ్చింది ఆ తర్వాత, చేతుల వణుకు ముదిరాక, మరిగే నీళ్ళు ముంచి పోస్తుంటే ముంత తొణికి కాలి మీద పడిన రోజున, తను ఆమె కాలిని చన్నీళ్ళ తొట్టెలో పెట్టి పట్టుకుంటే, కాలి మంటకి కాదు, రోల్ఫ్, ఇంక నేను కాచలేనా, అని ఏడ్చింది, ముసలితనానికి చేరువైన మనిషి చంటిపిల్లలా ఏడుస్తుంటే తను చూడలేకపోయాడు, ఎందుకు కాచలేవు, నీ చేత మళ్ళీ బీరు కాయిస్తాను, చూస్తూ ఉండు, అని మాటిచ్చాడు, మాటిస్తే తప్పే రకమా, మర్నాడే గ్యారేజీలో దూరాడు, పంపు, హీటర్లు, వేడి కనిపెట్టే తీగలు, అన్నిటినీ ఆడించే అరచేయంత కంప్యూటరు, మంచు కురిసినన్నాళ్ళూ, కరిగినన్నాళ్ళూ, వేసవంతా, ఆమె ఏది మొయ్యాలో అది పంపు మోసేలా, ఏది కలపాలో అది నీళ్ళు తిరిగి తిరిగి తమంతట తామే కలిపేలా, హాప్స్‌కి నాలుగు చిన్న గిన్నెలు, వేళకి ఒక్కొక్కటే ఒరిగి బానలో పోసేలా మోటార్లు, మధ్యమధ్య తలుపు దగ్గర నిలబడి ఆమె, అన్నం తిందువు రా, అనేది, వస్తున్నా, నువ్వు తినెయ్, అనేవాడు, ఇదంతా నీకోసమేగా అనేవాడు, తెలుసు అనేది, కాసేపు నిలబడేది, ఆ నిలబడటం ఇప్పుడెందుకు కళ్ళకి కడుతోంది, అప్పుడు వీపు వెనక ఉన్నది.

వెండెల్ వచ్చి చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు, ఓరి నీ దుంపతెగ, అన్నీ ఇదే చేసేస్తే మరి మార్లిస్ ఏం చేస్తుందోయ్, అన్నాడు, ఏం చేస్తుంది, మహారాణిలా కూర్చుని తాగుతుంది, అన్నాడు తను, ముగ్గురూ నవ్వారు, మార్లిస్ కూడా నవ్వింది, వేసుకుంటున్న మందుల మీద ఆమె గుక్కెడు కూడా తాగకూడదని ముగ్గురికీ తెలుసు, అయినా నవ్వారు, ఇక మీట సంగతి, యంత్రాన్ని ఆమె చేత్తోనే మొదలుపెట్టించాలని పెద్ద ఎర్ర మీట పెట్టాడు, మొన్న నొక్కించి చూస్తే వేలు వణికి రెండుసార్లు పడింది, ఒకసారికి మొదలైంది, రెండోసారికి ఆగిపోయింది, మళ్ళీ నొక్కింది, మళ్ళీ అంతే, ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో దాచుకుంది, అదెంత పని, ఒక్క నిమిషం, అని రెండోసారి పడే నొక్కును లెక్కచెయ్యవద్దని యంత్రానికి చెప్పాడు, ఇదిగో, ఇప్పుడు నీ చెయ్యి వణికినా దీనికి తెలీదు, అని గర్వంగా అంటే, ఆమె ఆ మీటకేసి చూసి, మంచిదేలే, దానికైనా తెలీదు, అంది, ఆ మాట అప్పుడు చెవిన పడింది, లోపలికి దిగలేదు, ఇవాళ పొద్దున మీట నొక్కింది, వణుకుతూనే నొక్కింది, యంత్రం బ్రహ్మాండంగా మొదలైంది, ఇప్పుడేం చెయ్యాలి, అంది, ఏం లేదు, కూర్చో, అన్నాడు, కూర్చుంది, కాసేపయ్యాక, కాస్త కలపనా, అంది, వద్దు వద్దు, తెడ్డు పెడితే లోపలి తీగ తెగుతుంది, అన్నాడు, ఇంకాసేపటికి, హాప్స్ నేను వెయ్యనా, అంది, గిన్నెలున్నాయిగా, ఇందాకే నింపేశాను, అన్నాడు, అప్పుడు చలేస్తోందంది.

బాన కుతకుతలాడుతోంది, చిన్న మోటారు గుర్రుమంది, మొదటి గిన్నె ఒరిగి, కొట్లో కొన్న హాప్స్ బిళ్ళలు, పూలను పొడిచేసి బిళ్ళలుగా నొక్కిన సరుకు, బొటబొటా నురగలో రాలాయి, వెంటనే ఆ ఘాటైన వాసన, తడిసిన పైన్ చెట్ల వాసన లాంటిది, తను ఒక్కడే పీల్చే వాసన, అంతలో తలుపు కిర్రుమంది, మార్లిస్, చేతుల్లో జల్లెడ, జల్లెడ నిండా పూలు, ఎండిన లేతాకుపచ్చ పూలు, మన కంచె మీది హాప్స్ తీగవేగా అవి, ఎప్పుడు కోశావు, అన్నాడు, నువ్వు గ్యారేజీలో ఉన్నప్పుడు, అంది మామూలుగా, రోజూ కాసిని కాసిని, కోస్తే ఏముంది, ఒక్కోటి మూడుసార్లకి చేతికొచ్చేది, కిటికీలో ఆరబెట్టాను, వాసన ఎలా ఉందో నువ్వే చెప్పాలి, అని, బానలోకి చూసి, ఓ, వేసేసిందా, అంది, వేసేసింది, అన్నాడు, పర్లేదులే, పూలు వేస్తే నీ గొట్టంలో ఇరుక్కుంటాయన్నావు కూడాను, అంది, అక్కడే నిలబడింది, పాలిపోయిన నవ్వుతో, జల్లెడ ఆమె చేతుల్లో వణుకుతోంది, పూలు గలగలలాడుతున్నాయి, ఒక్కటీ కింద పడటం లేదు, అరచేతుల గీతల్లో పచ్చటి పొడి, లోపల ఒక్కతే కూర్చుని నలుపుకుంది, వాసన రాదని తెలిసీ నలుపుకుంది, మరిగే బాన ఎత్తలేని చేతులు, ముంత తొణికే చేతులు, కానీ పూలు కోసిన చేతులు, నలపగల చేతులు, నురగలోకి రాల్చడానికి వణుకు ఏం అడ్డం, పొద్దున్నించీ ఆమె అడిగింది ఆపాటి పనే, తను బరువొక్కటి తీసేసి ఊరుకుంటే సరిపోయేది, పనంతా తీసేశాడు, పుణ్యానికి పోతే పాపం ఎదురైంది, మళ్ళీ కాయిస్తానని ఆమెకి మాటిచ్చి, ఆమె అవసరం లేకుండా బీరు కాచేదాన్ని ఏడాది పొడవునా కూర్చుని కట్టాడు, జబ్బు ఆ చేతుల్ని వణికించింది, అంతే, వాటిని ఖాళీగా కూర్చోబెట్టింది మాత్రం తనే.