ఎనిడ్ మేడం బొమ్మలకు క్షవరం

శుక్రవారం పొద్దున్నే పర్శరాములు కత్తెర, దువ్వెన, మంగలికత్తి, రెండు పాత పేపర్లు సంచిలో వేసుకుని సముద్రం ఒడ్డున ఉన్న ఎనిడ్ మేడం విల్లాకు నడిచి వెళ్లేవాడు. మిగతా ఆరు రోజులూ షార్జాలో, రోలా దగ్గర సెలూన్‌లో మనుషులకు క్షవరం చేసేవాడు. ఏడో రోజు మేడం గీసిన బొమ్మలకు.

రంగులు పూర్తిగా ఆరడానికి నెలలు పట్టేది. అన్నాళ్లూ బొమ్మలు ఆమె ఇంట్లోనే ఉండేవి. అన్నాళ్లూ వాటి గడ్డాలు పెరుగుతూనే ఉండేవి. గుడ్డ చిరగకుండా కత్తిని పడుకోబెట్టి గీయాలి, నీళ్లు తగలకూడదు. పేపర్ మీద రాలిన వెంట్రుకలకు నూనెరంగుల వాసన. ముత్యాల వర్తకుడి మీసం సరిచేసి, బ్యాంకు మేనేజర్ చెవుల మీది జుట్టు కత్తిరించి, చివరగా తలుపు మూలన ఉన్న చిన్న బొమ్మ దగ్గరికి వచ్చేవాడు. అది అతని తమ్ముడు వెంకట్రాములుది. కిందటేడు రంజాన్‌లో బొమ్మ గీయించుకునేవాళ్లెవరూ రాక మేడం ఖాళీగా ఉన్నప్పుడు, అన్నను చూడ్డానికి వచ్చినవాణ్ని స్టూలు మీద కూర్చోబెట్టి గీసింది.

ఎనిడ్ కార్‌మోడీది ఆస్ట్రేలియాలో బెండిగో అనే ఊరు. తండ్రి దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఇరవై నాలుగేళ్లకే ఒక జడ్జి బొమ్మ గీసి పెద్ద బహుమతి తెచ్చుకుంది. ఆ తర్వాత మంత్రులు, మేయర్లు, వాళ్ల భార్యలు వరస కట్టారు. కొన్నాళ్లు ఆ బొమ్మలు తగిలించిన హాళ్లలో వాచ్‌మెన్లే వాటి జుట్టు కత్తిరించి చూశారు. వాచ్‌మెన్లు యుద్ధానికి పోయాక మంత్రులకు జుట్టు భుజాల దాకా దిగింది. జుట్టుకు రంగేసుకునే ఆడవాళ్లకు బొమ్మలో మొదళ్ల దగ్గర తెల్లవెంట్రుకలు తేలాయి. దాన్ని మాత్రం ఎవరూ క్షమించలేదు. బొమ్మలు చెక్కపెట్టెల్లో ఒక్కొక్కటే వాపసు వచ్చాయి. లండన్ వెళ్లింది, అక్కడా అంతే. అరవై మూడేళ్ల వయసులో, పందొమ్మిది వందల డెబ్బై ఐదులో, షార్జా వచ్చింది. ఇక్కడ గడ్డమంటే గౌరవం. మంగలి దొరికితే చాలు.

మనిషి బతికున్నంత కాలమే బొమ్మలో వెంట్రుక పెరుగుతుందని ఆమె బొమ్మలు ఇంట్లో పెట్టుకున్నవాళ్లందరికీ తెలుసు.

డెబ్బై తొమ్మిది మార్చిలో, ఒక మంగళవారం, రాస్ అల్ ఖైమా క్వారీలో కొండ విరిగి పడింది. వెంకట్రాములు పనిచేసేది అక్కడే. మర్నాడు కంపెనీ మనిషి సెలూన్‌కు వచ్చి పర్శరాములును జీపులో తీసుకెళ్లాడు. శవానికి మొహం లేదు. ఒంటి మీద తను కొనిచ్చిన నీలం గళ్ల అంగీ ఉంది. జేబులో తమ్ముడి పేరున్న కంపెనీ కార్డు ఉంది.

"నీ తమ్ముడేనా?" అన్నాడు ముదీర్, అంటే క్వారీ మేనేజర్, హిందీలో.

"అంగీ మా వానిదే సాబ్."

"ఖలాస్. కాగితాలు రాగానే పెట్టె పంపిస్తాం. సంతకానికి రా."

ఊళ్లో తల్లి సమ్మవ్వకు టెలిగ్రాం వెళ్లింది. పర్శరాములుకు ఏడుపు రాలేదు. తిమ్మిరెక్కిన కాలు లాగా లోపల ఏదో ఉందో లేదో తెలియలేదు. గురువారం పదకొండు మందికి గడ్డాలు గీశాడు. అన్నం తిన్నాడు.

శుక్రవారం మామూలుగానే మేడం ఇంటికి వెళ్లాడు. తమ్ముడి బొమ్మకు గడ్డం మాసి ఉంది. మంగళవారం దాకా పెరిగింది కాబోలు అనుకుని గీసేశాడు. మేడంకు ఏమీ చెప్పలేదు.

తర్వాతి శుక్రవారం మళ్లీ వెళ్లాడు. వర్తకుడిది అయింది, మేనేజర్‌ది అయింది. తలుపు మూలన వెంకట్రాములు చెంపల మీద వారం రోజుల గడ్డం ఉంది, కత్తి పెడితే గరగరమనేంత. పర్శరాములు అలవాటుగా ఒక చెంప గీసి ఆగిపోయాడు.

"ఏమైంది రామ్?" వచ్చీరాని హిందీలో అడిగింది మేడం.

"మా తమ్ముడు పోయి పది రోజులైంది మేడం."

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికొచ్చింది. గీయని చెంప మీద వేలితో తడిమింది.

"ఎవరు చెప్పారు?"

"కంపెనీ చెప్పింది. నేను గూడ జూసిన."

"మొహం చూశావా?"

పర్శరాములు తల అడ్డంగా ఊపాడు. ఆమె బ్రష్షు పక్కన పెట్టి కారు తాళాలు తీసుకుంది.

రాస్ అల్ ఖైమా ఆస్పత్రిలో క్వారీ దెబ్బలు తగిలినవాళ్లు నలుగురున్నారు. నాలుగో మంచం మీది మనిషికి తల నిండా కట్లు. పది రోజులుగా మాట లేదని నర్సు చెప్పింది. మంచానికి వేలాడుతున్న అట్ట మీద పేరు పోశయ్య. కట్ల కింద ఆ గడ్డం పర్శరాములు చిన్నప్పటి నుంచీ గీసిన గడ్డమే.

"వెంకట్!" అన్నాడు చెవి దగ్గర వంగి.

చాలాసేపటికి కళ్లు తెరుచుకున్నాయి.

"అన్నా, పోశయ్య ఏడీ? సలిబెడుతుందంటే నా అంగీ ఇచ్చిన. ఏడున్నడు?"

ఒంటి మీద కార్డు లేని తమ్ముణ్ని, లెక్కకు దొరకని పోశయ్య అనుకున్నారని పర్శరాములుకు అర్థమైంది. మంచం పక్కనున్న సొరుగులో ఒక ఉత్తరం ఉంది. ఆర్మూర్ దిక్కు నుంచి వచ్చింది, పోశయ్య పేరు మీద, అతని భార్య గౌరవ్వ రాయించి, ఇటు విమానమెక్కే ఊరివాడి చేతికిచ్చి పంపింది. బతికున్నావని టెలిగ్రాం వచ్చింది, కాలో చెయ్యో పోయినా సరే ఇంటికి రా, అని ఉంది అందులో. రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంతోషం వస్తుందేమోనని చూశాడు. రాలేదు.

కంపెనీ రెండు టెలిగ్రాములూ దిద్దింది. పెట్టె ఆర్మూర్ దిక్కు వెళ్లింది. గౌరవ్వకు ఉత్తరం పర్శరాములే రాశాడు. అంగీ సంగతి, బొమ్మ సంగతి ఏదీ దాచలేదు.

నెల తర్వాత జవాబొచ్చింది. మేడం ముందు నిలబడి చదివి, హిందీలో చెప్పాడు.

"బతికిండని మీరే రాసిన్రు, సచ్చిండని మీరే రాసిన్రు. బొమ్మ ఉండబట్టి మీ తమ్ముడు దొరికిండంటున్నవు. అయ్యా, ఆ దొరసాని మా ఆయన బొమ్మ ఎందుకు గియ్యలే?"

ఎనిడ్ మేడం లేచింది. ఎదురుగా బల్ల మీద సిమెంటు వ్యాపారి బొమ్మ సగంలో ఉంది. దాన్ని గోడ వైపు తిప్పేసింది. ఒప్పుకున్న బొమ్మల డబ్బు వాపసు పంపించింది. ఎనభై ఆరులో కన్నుమూసే దాకా ఆమె మళ్లీ డబ్బున్నవాళ్లెవరి బొమ్మా గీయలేదు.

జవాబొచ్చిన తర్వాతి శుక్రవారం అరచేతి వెడల్పు చెక్క పలకలు అరవై కోయించి, కారులో వేసుకుని క్వారీ క్యాంపుకు వచ్చింది. వెంట వచ్చిన పర్శరాములు, మేడం అందరి బొమ్మలూ గీస్తుందని, బొమ్మకు గడ్డం పెరిగినన్నాళ్లు మనిషి బతికున్నట్టేనని చెబితే మొదట అందరూ వెనక్కి తగ్గారు. తర్వాత నీళ్ల ట్యాంకు దాకా వరస కట్టారు. అందరికన్నా ముందు నెల్లూరు లాల్ అహ్మద్. రాళ్లు పగలగొట్టే మిషన్ దగ్గర పని. తల దువ్వుకుని, తిరగేసిన డ్రమ్ము మీద కూర్చున్నాడు.

"నవ్వమంటారా అన్నా?" అని అడిగాడు.

పర్శరాములు మేడంకు చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అక్కర్లేదంట. ఊకెనే కూసో భాయ్."

లాల్ అహ్మద్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.