కర్రల్లేని ఆదివారం

“రేపు ఆదివారం కదా నాయనా. ఆదివారం ఇక్కడి గోల్ఫ్ కోర్సులో ఆట ఉండదు,” అంది మా బస ఇంటావిడ మిసెస్ గెమెల్, మేమింకా సామాన్లు ఆవిడ గుమ్మం దాటించకముందే.

మెర్వ్ భుజం మీంచి సంచి జారింది. అందులోని గోల్ఫ్ కర్రలన్నీ మా తరఫున ఒక్కసారి గొల్లుమన్నాయి.

“ఆట లేకపోవడమేంటమ్మా? రేపేగా మా వంతు!” అన్నాడు రాయ్స్.

“ఎవరు చెప్పారు?”

మేం ముగ్గురం లిండ్సే వైపు తిరిగాం. ఈ యాత్రకి పథకం వేసిందీ, ఊరూరికీ ఫోన్లు చేసిందీ, టిక్కెట్లు తీసిందీ అతనే. అతను చెవి వెనక వినికిడి మిషన్‌ని వేలితో నొక్కుకుంటూ గొణిగాడు.

“కోర్సు మూసేసేది ఏ రోజని ఫోన్లో ఈవిడనే అడిగాన్రా. సండే అని ఉంటుంది. నాకు మండే అని వినపడింది. మన పేర్లు ఈవిడే రాయించి పెడుతుందనుకున్నా.”

“సరే, అయితే ఎల్లుండి ఆడదాం,” అన్నాడు మెర్వ్.

“ఎల్లుండి పొద్దున్నే విమానం.”

సండే కాస్తా మండే అయిందో, మండే కాస్తా సండే అయిందో గానీ మాకు మాత్రం ఒళ్ళు మండే సంగతే. రాయ్స్ ఇంటావిడ మీద పడ్డాడు. “చూశారా, మీ యాస ఎంత పని చేసిందో! ఉడుకుబంగాళాదుంప నోట్లో పెట్టుకుని మాట్లాడితే ఎవరికర్థమవుతుంది?”

మిసెస్ గెమెల్ నడుం మీద చేతులు పెట్టుకుని నోరు తెరిచింది. అంతలో లిండ్సే తల ఇటునుంచటు చీమంత కదిలింది. ఆవిడ తెరిచిన నోరు మూసి, మళ్ళీ తెరిచి, “నా నోరే అంత నాయనా. మా ఆయన ఉన్నన్నాళ్ళూ అదే అనేవాడు. రండి, టీ తాగుదురు,” అంది.

నేను మా ఊరి సంతలో గొర్రెల వేలం పాడేవాణ్ణి. గొంతు పెద్దది, పని చిన్నది. కనుబొమ్మ కదిపినవాడెవడో, ముక్కు గోక్కున్నవాడెవడో కనిపెట్టడమే నా బతుకుతెరువు. కాబట్టి ఆ తల కదలడం నేను చూశాను. దానికి అర్థమేంటో మాత్రం అప్పుడు తెలియలేదు.

మాది టాస్మేనియా. మా ఊరి గోల్ఫ్ కోర్సులో గడ్డి కోసేది యంత్రం కాదు, గొర్రెలు. బంతి గొర్రెకి తగిలితే తిరిగి కొట్టుకోవచ్చునని మాకో రూలుంది. తగిలిన గొర్రె తిరిగి కొట్టకూడదని రూలు లేదు. మెర్వ్ మాంసం కొట్టువాడు, రాయ్స్ పశువుల డాక్టరు, నేను వేలంవాణ్ణి. అంటే ఒకే గొర్రెని రాయ్స్ బతికిస్తాడు, నేను బేరం పెడతాను, మెర్వ్ దానికి ముహూర్తం పెడతాడు. గొర్రెలతో సంబంధం లేనివాడు లిండ్సే ఒక్కడే. బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యాడు. మా క్లబ్బు రేకుల షెడ్డులో, స్కాట్లండ్‌లోని ఈ ఊరి పాత కోర్సు పటం గోడంతా గీసిపెట్టింది అతనే. అందులో బంతిని ఇరికించే ఇసుక గొయ్యి ఒక్కొక్కదానికీ ఒక్కో పేరుంది. అవన్నీ అతనికి పిల్లల హాజరు పిలిచినంత తేలిక. ఆ పటం కింద నిలబడి నలుగురం మాటిచ్చుకున్నాం: వెళితే నలుగురం వెళ్ళాలి, అక్కడ ఆడితే నలుగురం ఆడాలి.

జనం అనుకుంటారు, ఏ కోర్సయినా పూర్తి చేస్తే రోగం తగ్గుతుందని. గోల్ఫ్ కోర్సు అలాంటిది కాదు. పూర్తిచేసిన కొద్దీ ముదురుతుంది. ఉత్తరాన డోర్నోక్‌లో మొదలుపెట్టి, క్రూడెన్ బే మీదుగా కార్నూస్టీ దాకా, సముద్రం అంచునే గాలికి ఎదురు తిరుగుతూ కిందికి దిగుతూ వచ్చాం. కానీ మొదటి ఊళ్ళోనే లిండ్సే చేతిలోంచి కర్ర జారి ముళ్ళపొదలో పడింది. “మణికట్టు బెణికింది,” అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు గ్రీన్ మీద, అంటే బంతి పడాల్సిన కప్పు చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, మెల్లగా బంతిని నెట్టడం వరకే ఆడాడు. కార్నూస్టీ దగ్గరికొచ్చేసరికి కప్పులో గుచ్చే జెండా పట్టుకుని మా పక్కన నడిచాడంతే. అక్కడ పొద్దున చొక్కా బొత్తాలు పెట్టుకోలేక తంటాలు పడుతుంటే నేనే పెట్టాను. “బెణికింది ఒక చెయ్యేగా?” అన్నాను. “నీ నోరు బెణకదేంరా?” అన్నాడు. అక్కడితో ఆపేశాను.

అందుకే మా ఆశలన్నీ ఈ ఊరి మీదే పెట్టుకున్నాం. ఇక్కడికొచ్చేసరికైనా చెయ్యి కుదురుకుంటుంది, నలుగురం ఆడతాం అని. తీరా వస్తే, చెయ్యి కుదరలేదు సరికదా వారమే కుదరలేదు.

సోమవారం ఎవరెవరు ఆడాలో తేల్చే చీటీలు ఆ మధ్యాహ్నమే తీసేశారట. రాయ్స్ విమానం కంపెనీకి ఫోన్ చేసి వేలాడాడు. వారం దాకా సీట్లు లేవు. మా వైపు గొర్రెలు ఈనే కాలం, పశువుల డాక్టరు వారం ఆగలేడు. ఫోన్ పెట్టేసి లిండ్సేతో ఒకే ఒక్క మాటన్నాడు: “ఆదివారం ఆట ఉండదని మెర్వ్ కొట్లో వేలాడే గొర్రెక్కూడా తెలుసు. నీకు తెలీదా?”

నా మనసులో గుచ్చుకున్నదీ అదే ముల్లు. గొయ్యిగొయ్యి పేరూ తెలిసినవాడికి వారం సంగతి తెలియకపోవడమా?

పొద్దున ఓట్స్ జావ, పొగబెట్టిన చేప పెట్టింది మిసెస్ గెమెల్. రాయ్స్ తలెత్తలేదు. మెర్వ్ నెత్తురు కూరిన నల్ల సాసేజిని ముక్కలు చేసి, “రక్తం ఎక్కువ, మిరియం తక్కువ,” అని వృత్తిధర్మం నెరవేర్చాడు. లిండ్సే చెంచాని పిడికిలితో పట్టుకుని తింటున్నాడు, చంటిపిల్లాడిలా.

“పోనీ, నడిచొద్దామా?” అన్నాడు. “ఆదివారం అది ఊరందరిదీ. ఎవరైనా నడవచ్చు.”

“పెళ్ళి తప్పిపోయింది, పందిరైనా చూసొద్దాం అంటావు,” అన్నాడు రాయ్స్. అయినా లేచి కోటు వేసుకున్నాడు.

మొదటి గ్రీన్ దాకా నడిచాం. జెండాల్లేవు. సముద్రం మీంచి పలచటి పొగమంచు. మేం పటంలో చూసి దణ్ణం పెట్టుకున్న నేల మీద ఒక తల్లి పిల్ల బండి తోసుకుపోతోంది, ఒక ముసలాయన పేపరు మడిచి చంకలో పెట్టుకుని నడుస్తున్నాడు, కుక్కలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. ఎవరి చేతిలోనూ కర్ర లేదు, ఆ ముసలాయన చేతికర్ర తప్ప.

కప్పులున్న పద్దెనిమిది చోట్లలో రెండో చోట లిండ్సే ఆగాడు. రెండు చేతులూ జోడించి, గాలిలో కర్ర పట్టుకున్నట్టు పట్టుకుని, నడుం తిప్పి ఒక దెబ్బ కొట్టాడు. కళ్ళు చిన్నవి చేసుకుని దూరంగా చూశాడు.

“కొంచెం కుడికి పోయింది. పర్లేదు, గడ్డి మీదే ఉంది,” అన్నాడు.

మెర్వ్ నా వంక చూశాడు. నేను మెర్వ్ వంక చూశాను. “నా వంతు,” అని నేనూ ఊపాను. బంతి ఎక్కడ పడిందో నిజాయితీగా చెప్పాను. ఈ ఆటలో దెబ్బలు తక్కువైనవాడిదే గెలుపు, జడ్జి ఉండడు. తప్పు ఎవడిది వాడే చెప్పుకోవాలి, శిక్ష ఎవడిది వాడే వేసుకోవాలి. లేని బంతికైనా అదే ధర్మం. అందుకే మెర్వ్, ఊహలో ఎంత దూరమైనా కొట్టుకోగలిగుండీ, పద్నాలుగో చోట బంతిని తిన్నగా తీసుకెళ్ళి ‘నరకం’ అనే గోతిలో పడేసుకున్నాడు.

“ఒరేయ్, లేని బంతినైనా బాగా కొట్టుకోలేవా?” అన్నాను.

“నా చెయ్యి నాకు తెలీదా? నిజంగా కొట్టినా అక్కడే పడుద్ది,” అంటూ గోతిలోకి దిగాడు. పైకి రావడానికి అతనికి నాలుగు దెబ్బలు పట్టాయి, నాకు అతని చెయ్యి పట్టుకు లాగాల్సొచ్చింది.

రాయ్స్ అంతసేపూ చేతులు జేబుల్లోనే పెట్టుకున్నాడు. పదిహేడో చోట మాత్రం, మెర్వ్ లెక్కలో ఒక దెబ్బ ఎగ్గొట్టాడని తగువు పడి, జేబుల్లోంచి చేతులు తీశాడు. తీసిన చేతులతో ఒకటి కొట్టాడు. మా క్లబ్బులో రూళ్ళ పుస్తకం కంఠతా వచ్చినవాడతను. లేని బంతి గోడ ఇవతల రోడ్డు మీద పడిందని తనే ప్రకటించి, రోడ్డు మీంచే ఆడాడు. ఒక కారు ఆగి దారిచ్చింది.

లిండ్సే ఆ రోజు ఆడినంత అందంగా నేనెప్పుడూ చూడలేదు. నడుం తిరిగేది, భుజం లేచేది, ఖాళీ చేతులు గాలిలో గుండ్రంగా వచ్చి మెడ దగ్గర ఆగేవి. జారడానికి ఏమీ లేదు కాబట్టి ఏదీ జారలేదు.

చివరి గ్రీన్ దగ్గర కంచె పక్కన మిసెస్ గెమెల్ తన కుక్కతో నిలబడి ఉంది. లిండ్సే బంతి కప్పుకి రెండడుగుల్లో ఉందని నలుగురం ఒప్పుకున్నాం. అది వేస్తే అతనిదే గెలుపు. అతను వంగలేదు.

“ఆగండి. నా మీద నేనో జరిమానా వేసుకోవాలి,” అన్నాడు.

“ఏం చేశావు?” అన్నాడు రాయ్స్.

“నాకు సండే అని స్పష్టంగానే వినపడిందిరా. మండే అని ఎవరూ అనలేదు. వాయిదా పడకూడదని సోమవారానికే టిక్కెట్లు తీశాను. ఆదివారమే కావాలని ఈవిడకి మూడుసార్లు చెప్పాను.”

రాయ్స్ చేతులు మళ్ళీ జేబుల్లోకి పోయాయి.

“చలికాలంలోనే హోబార్ట్ డాక్టరు చెప్పాడు. ముందు చేతులు పోతాయిట, తర్వాత కాళ్ళు, ఆ తర్వాత మాట. దీనికి మందుల కోర్సు లేదు. మొదట్లో నేనూ ఆడదామనే అనుకున్నా. కానీ ఇక్కడ ఆట మొదలుపెట్టే చోటు చూశారుగా, కిటికీల నిండా, రోడ్డు పొడుగునా జనం చూస్తుంటారు. వాళ్ళ ముందు నా చేతిలోంచి కర్ర జారితే… అదీ పర్లేదు. మీరు ముగ్గురూ ఆడుతుంటే జెండా మోస్తూ నడిచి చూశాను. అది నా వల్ల కాలేదు. ఆదివారం ఇక్కడ ఎవరి చేతిలోనూ కర్ర ఉండదు. ఈ ఒక్కరోజు మీ చేతులూ నా చేతులూ ఒకటే.”

“ముందే చెప్పొచ్చుగా!” అన్నాడు మెర్వ్.

“చెబితే మూడు వారాలూ నన్ను అద్దాల బీరువాలో పెట్టి మోసేవాళ్ళు. మీ ఆట నేను దొంగిలించాను. మీరు మళ్ళీ ఏ ఏడైనా రావచ్చు. నేను వచ్చే ఏటికి నడవనేమో.”

రాయ్స్ వెనక్కి తిరిగి కంచె దాకా నడిచాడు. అక్కడ చేతులు ఆనించి సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. కుక్క వెళ్ళి అతని బూట్లు వాసన చూసింది. పశువుల డాక్టరు కదా, చెయ్యి దానంతటదే దాని తల మీదికి పోయింది. కాసేపయ్యాక తిరిగొచ్చాడు. మొహం ఎర్రగా ఉంది.

“రూలు ప్రకారం రెండు దెబ్బలు,” అన్నాడు. “అవి కలిపితే నువ్వు ఓడిపోయావు. గెలిచింది మన వేలంవాడు. ఆ బంతి వేసి రా, ఆకలేస్తోంది.”

లిండ్సే నవ్వాడు. వంగి, బొటనవేళ్ళు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, లేని బంతిని మెల్లగా నెట్టాడు. నలుగురం దాని వెంటే చూశాం. అది అంచు దగ్గర కాస్త తటపటాయించినట్టే అనిపించింది నాకు.

“పడింది,” అన్నాడు రాయ్స్.

మిసెస్ గెమెల్ కుక్క గొలుసు దగ్గరికి లాక్కుని, కంచె పక్కన నడుస్తున్న జనం కూడా ఆగి చూసేంత గట్టిగా అంది: “అయిందా? ఇప్పుడు అందరూ వినండి. నేను ఫోన్లో సండే అనే అన్నాను. ఈ నాయన సండే అనే విన్నాడు. నా నోరూ బాగానే ఉంది, ఆయన చెవీ బాగానే ఉంది!”