ఆముదం తాగిన మొహం

నేను ఒక రబ్బరు రోలర్‌ని. బియ్యపు మిల్లులో వడ్ల మీది పొట్టు ఒలిచే జతలో ఒకదాన్ని. పుట్టింది ఆగస్టు పదిహేడున. ఆ పూట సామర్లకోటలో మా ఫ్యాక్టరీ పరిశోధనశాలలో అందరూ ఉప్మా పెసరట్టు తింటున్నారు. నన్ను అచ్చులోంచి తీస్తున్నారని తెలిసి, నన్ను రూపొందించిన కాత్యాయని గారు పొట్లం వదిలేసి వచ్చారు. అల్లం చట్నీ అంటిన చేతిని వెనక్కి పెట్టుకుని, ఎడమచేత్తో నా ఒళ్లు నిమిరారు. చేయి కడుక్కునేపాటి ఓపిక లేకపోయింది. మూడేళ్లుగా ఎదురుచూస్తున్నారు మరి.

మిల్లు యంత్రాలు చేసేవాళ్లలో చాలామంది రబ్బరు బయట కొని అచ్చు పోసుకుంటారు. అది అసలెందుకు అరుగుతుందని అడిగేవాళ్లు తక్కువ. కాత్యాయని గారు అడిగారు. మసి కలిపితే రబ్బరు గట్టిపడుతుంది గానీ బియ్యానికి మచ్చలంటుతాయి. అందుకని ఆవిడ ఊకను రకరకాల సెగల మీద కాల్చి, ఆ బూడిదలోంచి తెల్లటి సిలికా తీసి, రబ్బరు దాన్ని ఎలా పట్టుకుంటుందో సూక్ష్మదర్శినిలో చూస్తూ కూర్చున్నారు. అంటే ఊకలోంచి పుట్టి ఊకనే ఒలిచే బిడ్డను నేను. ఆ రోజుల్లో ఈ సంగతి తలుచుకుని మురిసిపోయేదాన్ని.

యజమాని సూరపరాజు గారికి మాత్రం ఓపిక సన్నగిల్లింది.

"పక్కవాడు యంత్రాలు చేసి అమ్ముకుంటున్నాడమ్మా. మనం బూడిద జల్లెడ పడుతున్నాం," అనేవారు. చివరికి ఒక మాట తేల్చేశారు. మండపేటలో తాతబ్బాయి గారి మిల్లులో నన్ను బిగిస్తారు. కొత్త పంట వచ్చేదాకా నేను నిలిస్తే పరిశోధనశాల ఉంటుంది. నిలవకపోతే ఆ గది గోడౌన్ అవుతుంది.

మొదట్లో బాగానే ఒలిచాను. తాతబ్బాయి గారు గింజలు అరచేతిలో పోసుకుని ఊది, "ముత్యాలండీ ముత్యాలు!" అన్నారు. అంతలో దసరా వచ్చింది. యంత్రాలకు పూజ చేసే రోజు. సూరపరాజు గారు కూడా వచ్చారు. తాతబ్బాయి గారి తల్లి మాణిక్యాంబ గారు ఆముదంలో పసుపు రంగరించి తెచ్చారు.

"కొత్త కోడలు కదా, దిష్టి తగులుద్ది. ఒళ్లంతా పట్టిద్దాం," అన్నారావిడ. పక్కన గిన్నె పట్టుకుని నిలబడింది ఎవరనుకున్నారు? సూరపరాజు గారే. "ఇంకాస్త పట్టించండమ్మా, మా పిల్లే!" అని నవ్వారు కూడా.

మిల్లుకు పండగ సెలవులిచ్చారు. ఆముదం నా ఒంటి మీదే ఉండిపోయింది. నాకు సుఖంగానే ఉంది. తలంటు పోయించుకున్న పసిపిల్లలా ఒళ్లు మరిచి పడుకున్నాను. అది తలుచుకుంటేనే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

సెలవులయ్యాక సూరపరాజు గారూ కాత్యాయని గారూ చూస్తుండగా మోటారు వేశారు. అప్పటికే ఒళ్లు ఉబ్బి మెత్తబడింది. వడ్లు తగలగానే చీలిపోయాను. నా ముక్కలు బియ్యంలో కలిసి కిందికి దిగాయి.

"ఏవండీ రాజుగారూ, బియ్యం ఆడమంటే పలావు వండిందేటండీ మీ పిల్ల? ముక్కలు కూడా వేసింది!" అన్నారు తాతబ్బాయి గారు. మిల్లంతా నవ్వింది. కాత్యాయని గారొక్కరే నవ్వలేదు. కింద కూర్చుని, ఎవరి కాలి కిందా పడకుండా నా ముక్కల్ని ఏరి రుమాల్లో మూటగట్టుకున్నారు. ఆ తర్వాత గోనెసంచిలో ఇంటికి చేరాను.

మర్నాడు సాయంత్రం సూరపరాజు గారు కొత్త తాళంకప్పతో పరిశోధనశాలకు వచ్చారు. కాత్యాయని గారు నన్ను కోసి ఆయన ముందు పెట్టారు.

"వాసన చూడండి."

చూశారు. ఆముదం తాగిన మొహం అంటారే, సరిగ్గా అలా అయిపోయింది ఆయన మొహం.

పక్కన గిన్నెలో ఆవిడ ముందు రోజే ఆముదంలో నానేసిన కొత్త రబ్బరు ముక్క శనగగింజలా ఉబ్బి ఉంది.

"అయితే ఆ పెద్దావిడకే ఫోన్ చేసి చెప్తానమ్మా, మీ పూజే మా కొంప ముంచిందని."

"గిన్నె పట్టుకున్నది ఎవరో కూడా చెప్తారా అండీ?"

ఆయన చేతిలోని తాళంకప్పను అటూ ఇటూ తిప్పారు. ఆవిడే గొంతు తగ్గించి అన్నారు: "ఆవిడ తప్పు కాదండీ. నేను వేడి చూశాను, రాపిడి చూశాను. పండగ చూడలేదు. మన యంత్రం వెళ్లే ప్రతి మిల్లుకీ దసరా వస్తుంది. దేవుడికి పెట్టొద్దని చెప్పలేం కదా. నూనెకు ఓర్చే రబ్బర్లున్నాయి. మన సిలికాను అవి పట్టుకుంటాయో లేదో చూడాలి."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"తెలీదండీ."

"నా తృప్తి కోసమైనా ఒక అబద్ధం చెప్పొచ్చు కదమ్మా!" అంటూ ఆయన తాళంకప్పను బల్ల మీద పెట్టారు. "సరే, కానీ. ఈసారి ఆముదం నేనే పూస్తాను. ఎలా ఉబ్బుతుందో చూస్తా."

ఆ తాళంకప్ప మళ్లీ ఆయన చేతికి వెళ్లలేదు. ఇప్పుడు నా పక్కనే అరలో, కాగితాలు ఎగరకుండా బరువుగా పనికొస్తోంది. నా తర్వాత పుట్టినవాళ్లు ఆముదం, పసుపు పూయించుకుని మరీ మిల్లుల్లో తిరుగుతున్నారు. నేను మాత్రం చూడవచ్చినవాళ్లకు చూపించే చిరుగును. "ఇదిగో, ఇదే విడిపోయింది," అని వేలు పెట్టి చూపిస్తారు. అటు తిరుగుదామంటే రోలర్ తనంతట తాను తిరగలేదు కదా.

పొద్దుగూకాక సూరపరాజు గారు వస్తారు. దీపాలార్పే ముందు, అప్పుడు గిన్నె పట్టుకున్న ఆ చేత్తోనే, నా చిరిగిన వైపును మెల్లగా గోడకేసి తిప్పుతారు. తర్వాత చప్పుడు కాకుండా తలుపు చేరవేసుకుని వెళ్లిపోతారు.