సముద్రం ఎలా ఉంది తాతా

పోలిరాజుకి అబద్ధం చెప్పడం చేతకాదు. జాలారిపేటలో అతనితో సముద్రం మీద చేపల వేటకెళ్లిన ఎవర్నడిగినా చెబుతారు ఆ మాట. అలాంటివాడు ఆ పొద్దున ఆసుపత్రి మంచం మీద ఓ పెద్ద అబద్ధానికి సిద్ధపడి కూర్చున్నాడు.

అదంతా రేచల్ కోసం. కూర్మన్నపాలెం పిల్ల, చిన్న డాక్టరు. పోలిరాజుకి కేన్సరు వెన్నెముకకి పాకింది, ఇక నయం కాదని అందరూ చేతులెత్తేశాక, నొప్పైనా లేకుండా చూస్తామని ఈ వార్డువాళ్లు చేర్చుకున్నారు. రేచల్ రోజూ వచ్చి మంచం అంచున కూర్చుని, "సముద్రం ఎలా ఉంది తాతా?" అని అడిగేది. నొప్పి ఎంతుందని దానర్థం. అలలు పెద్దగా ఉన్నాయంటే మందు పెంచేది. ఆ పిల్ల పుణ్యమా అని ఎన్నాళ్లకో అతను వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు.

ఈ వేళ ఆమెకి పరీక్ష. ఇలాంటి రోగుల్ని చూసుకోవడం వచ్చో రాదో తేల్చడానికి గురునాథరావు అనే పెద్ద డాక్టరు వస్తున్నాడు. పోలిరాజు మంచం దగ్గరే పరీక్ష. తప్పితే ఆమెని ఈ వార్డులో ఉంచరు.

"నువ్వు మూలిగేవంటే ఆ పిల్ల పనయిపోద్ది," అంది భార్య చిట్టమ్మ, అతని తల దువ్వుతూ. "నొప్పి లేదని సెప్పు."

"నాకు తెల్దేటి? కిక్కురుమంటే ఒట్టు."

రాత్రి నుంచి నడుము విరిగిపోతోంది మరి.

గురునాథరావు వచ్చి గోడవారన నిలబడ్డాడు. రేచల్ ఎప్పట్లాగే అడిగింది, సముద్రం ఎలా ఉందని.

"అద్దంలాగుందమ్మా. నీ మందు బంగారం. నొప్పన్నదే లేదు."

పెద్ద డాక్టరు తలూపాడు. రేచల్ మాత్రం లేవలేదు. దుప్పటిని పిడికిట పట్టుకున్న అతని చేతిని మెల్లగా విడదీసి, తన చేతిలోకి తీసుకుంది.

"నా పరీక్ష గురించా తాతా?"

పోలిరాజు చిట్టమ్మ వైపు చూశాడు. చిట్టమ్మ కిటికీ వైపు చూసింది.

"నిన్న నేనిచ్చిన మందు చాల్లేదు," అంది రేచల్, గురునాథరావుకి వినబడేలాగే. "తప్పు నాది. నువ్వు దాచితే నేను పాసవుతానేమో గానీ నీ నొప్పి పోదు కదా. చెప్పు తాతా."

అంతే, పోలిరాజు ఏడ్చేశాడు. నడిసముద్రంలో తెప్ప తిరగబడిన నాడు కూడా ఏడవని మనిషి.

"సంపేత్తంది తల్లీ. రాత్రంతా సంపేసింది."

ఆమె అక్కడికక్కడే నర్సుని పిలిచి మందు వేయించింది. నొప్పి సర్దుకునేదాకా చెయ్యి వదల్లేదు. నొప్పి తగ్గేసరికి పోలిరాజుకి భయం పట్టుకుంది. అంతా తనే చెడగొట్టాడు.

"బాబూ, ఆయమ్మని పెయిల్ సెయ్యకండి. అబద్దం నాది."

"మందు ఎంతివ్వాలో పుస్తకం చూసైనా చెప్పొచ్చు," అన్నాడు గురునాథరావు. "నువ్వు దాచింది కనిపెట్టింది. తన తప్పు నా ముందే ఒప్పుకుంది. నేను చూడ్డానికొచ్చింది అదే. పాసైంది."

మర్నాడు రేచల్ గుమ్మంలో కనబడగానే పోలిరాజు లేచి కూర్చోబోయాడు. వేటకెళ్లే రోజులైతే మంచి వంజరం చేప తెచ్చి చేతిలో పెట్టేవాడు. ఇప్పుడు ఆ పిల్లకి ఇవ్వడానికి తన దగ్గరేముంది? ఆమె అడక్కముందే చెప్పేశాడు.

"ఇయాల అలలు కొంచెం ఉన్నాయమ్మా, నడుం కాడ. దాసకుండా సెప్తన్నాను."